అసమాన శక్తులు - సమధర్మము

సమానత్వమనగా ఏకరూపతయేనా? బలములు వేర్వేరు విధములైనప్పుడు వాని నడుమ న్యాయమును నిలుపుట యెట్లు? ఈ ప్రశ్న రాజ్యములకే గాక ఆటలకును సంబంధించినది. ఆట చిన్నది గనుక అందు ధర్మసూక్ష్మము స్పష్టముగ గోచరించును.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. ఇందు ఆటగాండ్రు బల్ల చుట్టును కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు కథను నడుపుదురు. సందిగ్ధమును పాచికలు తీర్చును. ఇట్టి ఆటలలో మంత్రవిద్యలు పలువిధములు. ఒకని శక్తి గ్రంథాభ్యాసమువలన, వేఱొకని శక్తి దేవతానుగ్రహమువలన, మఱియొకని శక్తి మూలికలవలన కలుగవచ్చును. ఒక విద్యయే సర్వకార్యములను సాధించినచో తక్కినవారు ప్రేక్షకులై మిగులుదురు. అన్ని విద్యలకును ఒకే బలము, ఒకే పద్ధతి విధించినచో పేర్లు మాత్రమే వేఱగును, ఆట చప్పబడును.

ఈ చిక్కునకు పరిష్కారము మన యరుగులమీదనే కలదు. మన పులిజూదమును ఇరుగుపొరుగు తమిళులు 'ఆడు పులి ఆట్టం' అందురు. ఇచట వాడుకలోనున్న పద్ధతిలో 23 స్థానములు, 3 పులులు, 15 మేకలు. పులి ఒంటరి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. అన్ని మేకలను పెట్టువరకు కదలు హక్కును లేదు. అయినను మేకలు ఒకదానివెనుక నొకటి నిలిచి పులుల దారులను మూసి గెలువగలవు. పులి గోళ్లు తీయలేదు, మేకకు కోఱలు పెట్టలేదు. గెలుపుదారి మాత్రము ఇరువురికిని కలదు. సమత్వమనగా ఇదియే యని మా యభిప్రాయము.

శక్తికి వెల యుండవలెననుటయు మన కథలు చెప్పినదే. కర్ణుడు కవచకుండలముల నిచ్చి ఇంద్రునివలన శక్త్యాయుధమును పొందెను. అది యొక్కమారే పనిచేయునని ఇంద్రుడు ముందుగనే చెప్పెను. అర్జునునికై దాచిన దానిని ఘటోత్కచునిపై ప్రయోగింపవలసివచ్చినది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడును సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమును చేరెను. మంచున ఆ పసరు కరగిపోవునని ఆతడు ముందెఱుగడు. ఈ రెండును కథలుగా రమ్యములే. ఆటలో మాత్రము మొదటిదే న్యాయము. వెల యెఱిగి యెన్నుకొన్నవాడు ఓడినను చింతింపడు. ఆట నడుమ క్రొత్త నిబంధన తెచ్చి ఒకని విద్యను కుంటుపఱచుట, అది యెంత సదుద్దేశముతో చేసినను, పక్షపాతమే యగును.

బలవంతుడు బలవంతుడుగా నుండుటయే ప్రకృతిధర్మము, దానిని కట్టడిచేయ నేల యని కొందఱందురు. అడవికి ఆ మాట చెల్లును. ఆటకు నలుగురు తమ యిష్టముతో వచ్చి కూర్చుందురు. వారిలో నొకడు లేచిపోయినను ఆట ముగియును. కావున కథ నడుపువాడు శక్తులను తూచుటతో తృప్తిపడరాదు. ప్రతివాని నిర్ణయమువలనను కథ ఒక్కమారైనను మలుపు తిరిగెనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

మదుర నాయకరాజుల కాలమునుండియు ఈ సీమలో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. మన యిండ్లలో అవ్వకు తెలుగు సామెతలు తెలియును; మనుమనికి బడిలో నేర్చిన తమిళము, ఆంగ్లము వచ్చును. అంగడిలోను కచేరిలోను మనుమని విద్యదే పైచేయి. అవ్వ పలుకు అచట చెల్లదని ఇంటిలోను దానికి చోటు లేకుండ చేయుట న్యాయమా? అవ్వ తమిళ పాఠములను అప్పగింప నక్కఱలేదు. మనుమడు తన చదువును దాచుకొన నక్కఱలేదు. శుభకార్యము గూర్చి ఆలోచించునప్పుడు, పిల్లకు పేరు పెట్టునప్పుడు, తగవు తీర్చునప్పుడు అవ్వ మాటవలన నిర్ణయము మాఱు సందర్భము నిజముగ నుండవలెను. అది లేనినాడు మనము చూపు గౌరవము, గెలుపుదారి లేని మేకకు పీటమీద చోటిచ్చినట్లే యగును.