కొన్న పిమ్మట తగ్గిన వెల

వస్తువును కొని, సొమ్ము చెల్లించి, యింటికి తెచ్చుకొనిన కొలది దినములకే దాని వెల తగ్గినచో, కొన్నవాడు వర్తకుని కడకు పోయి యా భేదమును తిరిగి యిమ్మని యడుగవచ్చునా? అడిగినచో నది హక్కా, వేడుకోలా, పేరాసయా? ప్రశ్న మిక్కిలి చిన్నదిగా తోచును. కాని మనబోటి సంసారులకు రాజ్యములనుగూర్చిన పెద్ద ప్రశ్నలను తీర్చు నవకాశము కలుగుట యరుదు. ఇట్టి చిన్నవే దినదినము వాకిటికి వచ్చి నిలుచును.

2025వ సంవత్సరమున నీ ప్రశ్న మన యిండ్లలో పలుమారు వినబడినది. ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రి యెఱ్ఱకోటమీదినుండి వస్తుసేవల పన్నును సంస్కరింతుమని చాటెను. సెప్టెంబరు 3వ తేదీన పన్నుల మండలి క్రొత్త రేట్లను నిర్ణయించెను. అవి 22వ తేదీన, శరన్నవరాత్రుల తొలినాడు, అమలులోనికి వచ్చెను. ఏసీలు, పెద్ద టెలివిజనులు, సిమెంటు, చిన్నకార్లు, 350 సీసీకి మించని మోటారు సైకిళ్లు, వీనిపై పన్ను 28 శాతమునుండి 18 శాతమునకు దిగినది. ఆ నడుమ ఆగస్టు 27న వినాయక చవితి. పండుగనాడు క్రొత్తవస్తువు నింటికి తెచ్చుట మనవారికి శుభము గదా! హఫీజ్‌పేటలో నొక గృహస్థుడు చవితినాడు ఏసీ కొనెననుకొందము. పన్నుగాక దాని వెల 30,000 రూపాయలైనచో నతడు చెల్లించినది 38,400. ఇరువదియాఱు దినములు తాళిన పొరుగింటివాడు చెల్లించినది 35,400. పన్నుగాక లక్ష రూపాయల వెలగల మోటారు సైకిలైనచో భేదము పదివేలు. అద్దెయింట కాపురముండి, వాయిదాలమీద బండి కొన్న చిరుద్యోగికి పదివేలు చులకన సొమ్ము కాదు. వాని గుండె కలుక్కుమనుట సహజము. గుండె కలుక్కుమన్నంతమాత్రమున హక్కు పుట్టునా యనునదియే విచారింపవలసినది.

మొట్టమొదట నా మూడువేలు ఎవరి పెట్టెలో పడినవో చూడవలెను. అవి వర్తకునికి ముట్టలేదు. పన్నురూపమున ప్రభుత్వమునకు చేరినవి. ఆ విషయమున వర్తకుడు వసూలుచేసిపెట్టిన గుమాస్తా మాత్రమే. అమ్మకము జరిగి, చీటి వ్రాయబడి, సొమ్ము చెల్లినది పాత రేటు కాలముననైనచో పాత పన్నే చెల్లునని శాసనము. ఆ సెప్టెంబరు 22నుండియే వ్యక్తుల జీవిత, ఆరోగ్య బీమాలపై 18 శాతముగానున్న పన్ను పూర్తిగా తొలగినది. ఆ నెల మొదటనే సంవత్సరపు సొమ్మంతయు కట్టి రసీదు పుచ్చుకొనినవారు మనలో పెక్కుమంది కలరు. వారి నష్టమును కాదనలేము. కాని అంగడివానితో కలహించుట చిరునామా తప్పిన జాబువంటిది.

మన స్మృతికారులు పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయము నొకటిగా లెక్కించిరి. అనుశయమనగా బేరము ముగిసిన పిదప కలుగు పశ్చాత్తాపము. దానిని వారు పాపముగా చూడలేదు. మనుష్యస్వభావముగా చూచి గడువు విధించిరి. మనువు పదిదినము లిచ్చెను. నారదుడు కొంత కఠినుడు: వస్తువు చెడకుండ ఆనాడే తిరిగి యిచ్చినచో పూర్తి వెల, రెండవనాడైనచో ముప్పదవ పాలు తగ్గింపు, మూడవనాడైనచో నంతకు రెట్టింపు తగ్గింపు, ఆపైన వస్తువు కొన్నవానిదే. యాజ్ఞవల్క్యుడు మన ప్రశ్నకు మఱింత చేరువగా వచ్చెను. సరకుల వెలలయందలి హెచ్చుతగ్గుల నెఱుగక కొన్న వర్తకుడు పిదప బేరమును త్రిప్పుకొనరాదనియు, త్రిప్పుకొనినచో దండనీయుడనియు నాతని మతము. ఈ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి దింపెను గనుక నీ విచారము తెలుగువారికి నిన్న మొన్నటిది కాదు.

ఇందు రెండంశములు మాకు గమనింపదగినవిగా తోచుచున్నవి. స్మృతులు వస్తువును తిరిగి యిచ్చి వెలను తిరిగి పుచ్చుకొమ్మన్నవేకాని, వస్తువు నుంచుకొని వెలలో కొంత తెమ్మనలేదు. మన గృహస్థునికి చల్లగాలియు కావలెను, మూడువేలును కావలెను. రెండవది, యాజ్ఞవల్క్యుడు నిషేధించినది వర్తకుని. వెలలు తెలిసికొనుట వాని వృత్తి; తెలియకపోవుట వాని లోపము. ఇల్లాలి వృత్తి యది కాదు. కాబట్టి యామెపట్ల కొంత దాక్షిణ్యము చూపుట శాస్త్రవిరుద్ధము కాదని మే మూహించుచున్నాము. దాక్షిణ్యమే సుమా, హక్కు కాదు.

హక్కు కాదనుటకు వేఱొక కారణము హఫీజ్‌పేటలోనే కలదు. 1998లో సైబర్ టవర్సు వెలసెను. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడచి, హఫీజ్‌పేట స్టేషనులో నిలువసాగెను. అంతకుముందు చుట్టుప్రక్కల పొలములమ్ముకొనినవారున్నారు. ఆ నేలపై నేడు అంతస్తుల భవనములు లేచియున్నవి. కొన్నవారిలో నెవ్వడైనను, వెల పెరిగినది గదా యని, అమ్మిన రైతు నింటికి వెదకుకొనిపోయి యా పెరుగుదలలో పాలిచ్చెనా? పెరిగిననాడు లాభము నాది, తగ్గిననాడు నష్టము నీదియనువాడు న్యాయమును కోరుట లేదు. తనకొక్కనికే భీమా కోరుచున్నాడు, అదియు కిస్తు కట్టకుండ.

అయితే నీ వాదమును కడదాక లాగరాదు. 2013నాటి భూసేకరణ చట్టమున 102వ విభాగము చూడుడు. ప్రభుత్వము సేకరించిన భూమిని, దానియం దేవిధమైన అభివృద్ధియు జరుగకుండగనే, మఱియొకరికి హెచ్చు వెలకు మార్చినచో, ఆ పెరిగిన విలువలో నలువది శాతము మొదటి భూస్వాములకో, వారి వారసులకో పంచవలెనని యందు కలదు. ముగిసిన బేరమును శాసనమే మరల విప్పినదన్నమాట. ఏల? అచ్చట రైతు తన యిష్టమున నమ్మలేదు గనుక. ఒప్పందమునకు పవిత్రత యిచ్చునది సమ్మతి. సమ్మతి లేనిచోట గడచిన తేదీకి అంత గౌరవ మక్కఱలేదు.

రోగి సంగతియు నట్టిదే. 2017 ఫిబ్రవరి 13వ తేదీన జాతీయ ఔషధధరల సంస్థ గుండెలోని స్టెంటులకు గరిష్ఠవెల నిర్ణయించెను: మందుపూతగల దానికి 29,600 రూపాయలు, పూతలేని లోహపు దానికి 7,260. అంతకుముందు మందుపూత స్టెంటునకు లక్షకుపైగా వసూలు చేయుట సామాన్యము. 12వ తేదీన స్టెంటు వేయించుకొనినవానికి చట్టప్రకారము తిరిగి వచ్చున దేమియు లేదు. కాని వాని మొరయు ఏసీ కొన్నవాని మొరయు నొకటియేనా? కాదని మా దృఢాభిప్రాయము. నడుమనున్నవారి లాభములు మితిమీరినవని యా సంస్థయే తేల్చినది. వెల తగ్గుట వేఱు, వెల యదివరకే యన్యాయమైయున్నట్లు బయటపడుట వేఱు. శస్త్రచికిత్సశాలలో పరుండినవాడు బేరమాడలేడు, తాళనూలేడు. వాడు తిరిగి యడిగినచో పేరాస యనుటకు నోరాడదు.

మూడవది, తెలిసి దాచుట. రోమను పండితుడు సిసిరో తన ధర్మగ్రంథమున నొక సమస్య యెత్తెను. రోడ్సు ద్వీపమున కఱవు. అలెగ్జాండ్రియానుండి ధాన్యపుటోడతో నొక వర్తకుడు ముందుగా చేరెను. వెనుక మఱికొన్ని యోడలు వచ్చుచున్నవని వానికి తెలియును, ప్రజలకు తెలియదు. చెప్పవలెనా, చెప్పక హెచ్చు వెల కమ్ముకొనవచ్చునా? చెప్పకుండుట మోసము కాదని డయోజనీసు, చెప్పియే తీరవలెనని ఆంటిపేటరు వాదించిరి. సిసిరో ఆంటిపేటరు పక్షమునకే మ్రొగ్గెను.

సెప్టెంబరు 4నుండి 21వఱకు గల పదునెనిమిది దినములు మన అంగళ్లన్నియు రోడ్సు ద్వీపములే. చవితినాడు వర్తకునికిని రేటు తెలియదు. వానిపై దోషము లేదు. కాని 10వ తేదీన వానికి తెలియును. పత్రిక చదువు వినియోగదారు లందఱు కొనుగోళ్లు వాయిదావేసికొనిరి. అంగడి యద్దె, నౌకర్ల జీతములు మాత్రము వాయిదాపడవు. కాబట్టి వాని యిబ్బందియు నిజమే. అట్టితఱి పత్రిక చదువని యొక కూలి, కూతురి పెండ్లికి టెలివిజను కొన వచ్చినచో, “త్వరపడుము, సరకు అయిపోవును” అని తొందరపెట్టి యమ్మినవాడు ఆంటిపేటరునెదుట కాదు, సామాన్య మానవునియెదుటనే నిలువజాలడు. పన్ను ప్రభుత్వమునకే పోయెననుటయు నిచ్చట వానికి చాటు కాదు. ఈ కూలి తిరిగివచ్చి యడుగుట హక్కే. చట్టము తోడురాకపోవచ్చును, మేము వాని పక్షము.

కాని యడుగువా డా కూలియా? అదియే చిక్కు. 2007 జూనులో ఆపిల్ సంస్థ ఐఫోనును 599 డాలరులకు విడుదలచేసి, సెప్టెంబరులోనే 399కి తగ్గించెను. ముందు కొన్నవారు గగ్గోలు పెట్టగా, స్టీవ్ జాబ్సు మఱునాడే బహిరంగలేఖ వ్రాసి, ఆ సంస్థ సరకు కొనుటకు వారికి 100 డాలరుల జమ యిత్తునని ప్రకటించెను. సగమే యైనను, అఱచినవారికి మాత్రమేకాక నోరు మెదపనివారికిని వర్తించునట్లు ప్రకటించుట మెచ్చదగిన పని. మన యంగళ్లలో జరుగున దందుకు విరుద్ధము. ఇంగ్లీషున ధాటిగా మాటలాడి, మేనేజరును పిలిపించి, పదిమందిలో పరువు తీయుదునని బెదరించినవానికి కొంత ముట్టును. చేతులు కట్టుకొని నిలిచినవానికి నమస్కారము ముట్టును. ఇట్లు వచ్చిన సొమ్ము ధరలోని యన్యాయమును సరిదిద్దలేదు, నోటికి బహుమాన మిచ్చినది.

నేటి విద్యావంతుల యిండ్లలో వేఱొక యుపాయము ప్రబలినది. అంతర్జాలమున తెప్పించిన వస్తువు వెల తగ్గగనే, అందులో లోపమున్నదనియో, కొలత సరిపడలేదనియో వ్రాసి త్రిప్పిపంపి, దానినే తక్కువ వెలకు మరల తెప్పించుకొందురు. కారణము చెప్పకయే త్రిప్పిపంపు నవకాశమును వర్తకుడే యిచ్చినచో వాడుకొనుడు, తప్పులేదు. లేని లోపమును కల్పించుట మాత్రము అబద్ధము. బిడ్డలు ప్రక్కనుండి చూచుచునే యుందురు. పైగా కొండాపూరు, మియాపూరు వీథులలో మోటారు సైకిలుమీద పెట్టెలు మోయు కుఱ్ఱవాడు ఒకే వస్తువుకొఱకు మూడుమారులు మెట్లెక్కవలెను. పెట్రోలు వానిదే.

ఇంటి యజమానురాండ్రకు మే మొకటి సూచింతుము. పెద్ద వస్తువును కొనునప్పుడే, పదునైదు దినములలో వెల తగ్గినచో భేదమిత్తువా యని యడిగి, ఒప్పుకొనినచో చీటిమీద వ్రాయించుకొనుడు. కొన్ని యంగళ్ల వా రొప్పుకొందురు. ఒప్పుకొననిచో మఱియొక యంగడి చూడవచ్చును, తాళవచ్చును, లేదా తెలిసియే కొనవచ్చును.