ఒంటి బట్ట, నీలం కోటు

తెలుగునాట చాలా ఊళ్ల సెంటర్లలో రెండు విగ్రహాలు కనిపిస్తాయి. గాంధీ మోకాళ్ల దాకా కొల్లాయి కట్టుకుని, కర్ర పట్టుకుని నడుస్తుంటారు. అంబేద్కర్ నీలం కోటు, టైతో, చేతిలో పుస్తకంతో వేలు చాచి నిలబడి ఉంటారు. ఒకరు బట్టలు విడిచి నిలిచారు, మరొకరు నిండుగా తొడుక్కుని నిలిచారు. జనం ఇద్దరికీ దండలు వేస్తారు.

మనిషి లోపలి జీవానికీ ఒంటిమీది బట్టకీ సంబంధం ఉందా అన్నది పాత ప్రశ్న. భగవద్గీత రెండో అధ్యాయం ఈ దేహాన్నే పాత బట్టతో పోల్చింది. దేహమే విడిచేసే బట్ట అయినప్పుడు, దాని మీద కట్టే బట్ట గురించి ఇంత ఆలోచన ఎందుకు? అయినా నలభై దాటిన మనిషి బీరువా ముందు నిలబడి ఆలోచిస్తూనే ఉంటాడు. పాతికేళ్లప్పటి ప్యాంట్లు పట్టవు. ముదురు రంగు వేసుకుంటే ‘ఈ వయసులోనా’ అంటారు, వెలిసిన రంగు వేసుకుంటే ‘అప్పుడే ముసలితనమా’ అంటారు.

నలభైల్లో చాలామందికి ఈ ప్రశ్న బట్టల షాపులో కన్నా ఇంట్లో ఒక చావు దగ్గర గట్టిగా ఎదురవుతుంది. తండ్రి పోతాడు. కర్మ చేసే కొడుకు గుండు చేయించుకుని, చొక్కా లేకుండా, తడి పంచెతో పిండాలు పెడతాడు. ఏ ఆఫీసులో ఏ కుర్చీలో కూర్చుంటాడో ఆ పంచె చెప్పదు. పెద్దకర్మ అయ్యాక అత్తవారు కొత్త బట్టలు పెడతారు. బొట్టు పెట్టి ఇచ్చిన ఆ పంచెల చాపు కట్టుకున్నాక అతను మళ్లీ లోకంలోకి వస్తాడు. భర్త పోయిన ఆడవాళ్లకి మాత్రం ఆ తిరుగుదారిని తరతరాలుగా మూసేశారు. రంగు చీర వాళ్లకి మళ్లీ దక్కలేదు.

గాంధీ జీవితాన్ని బట్టల వైపు నుంచి చదివితే, మైల బట్ట కట్టుకుని మళ్లీ విప్పని మనిషి కనిపిస్తాడు.

పడుచుతనంలో ఆయనకి బట్టల మీద మోజు తక్కువేమీ కాదు. లండన్‌లో చదివే రోజుల్లో బాండ్ స్ట్రీట్‌లో 10 పౌండ్లు పోసి సూటు కుట్టించుకున్నారు. 19 షిల్లింగులు పెట్టి పొడుగాటి టోపీ కొన్నారు. రోజూ పది నిమిషాలు పెద్ద అద్దం ముందు నిలబడి టై సర్దుకుని పాపిడి తీసుకునేవారు. తర్వాత కుటుంబాన్ని దక్షిణాఫ్రికాకి తీసుకెళ్లేటప్పుడు, నాగరికంగా కనిపించాలని కస్తూర్బాకి పార్సీ పద్ధతిలో చీర కట్టించారు, పిల్లలకి బూట్లు, మేజోళ్లు తొడిగించారు. వాళ్ల కాళ్లు నొప్పి పెట్టేవని, మేజోళ్లు చెమట కంపు కొట్టేవని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆనాటి బట్టలన్నీ చూసేవాళ్ల మెప్పు కోసమే.

మార్పు నలభైల్లో వచ్చింది. 1913లో నాటల్‌లో ఒప్పంద కూలీలు 3 పౌండ్ల పన్నుకి వ్యతిరేకంగా సమ్మె కట్టారు. వాళ్లలో మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. ఆ డిసెంబరులో జైలు నుంచి విడుదలైన గాంధీ డర్బన్ సభకి సూటులో రాలేదు. గుండు చేయించుకుని, కూలీలు కట్టే బట్ట కట్టుకుని, చెప్పులు లేకుండా వచ్చారు. చనిపోయినవాళ్ల కోసం పట్టిన మైల అది. అప్పటికి ఆయనకి 44 ఏళ్లు.

1915 జనవరిలో బొంబాయిలో దిగినప్పుడు కాఠియావాడ్ పద్ధతిలో తలపాగా, అంగరఖా, ధోవతితో ఉన్నారు. రాజ్‌కోట్‌కి మూడో తరగతి రైలెక్కేటప్పుడు అందులోనూ కొన్ని తీసేసి, ఎనిమిది పదణాల కశ్మీరీ టోపీ ఒకటి పెట్టుకున్నారు. అలా ఉన్నవాణ్ని పేదవాడనే అనుకుంటారని ఆయన లెక్క. దారిలో ప్లేగు తనిఖీ జరిగింది. మూడో తరగతి ప్రయాణికులకి జరిగే పరీక్షే ఆయనకీ జరిగింది. ఎవరు ఏ బట్టలో ఉంటే అధికారి గొంతు ఎలా మారుతుందో సొంత ఒంటిమీదే చూసుకున్నారు.

రెండేళ్ల తర్వాత చంపారన్‌లో, భితిహర్వా పక్కన ఒక చిన్న పల్లెలో, ఆడవాళ్ల బట్టలు మురికిగా ఉన్నాయని గాంధీ గమనించారు. ఎందుకు ఉతుక్కోవడం లేదో అడగమని కస్తూర్బాని పంపారు. ఒకామె కస్తూర్బాని తన గుడిసెలోకి తీసుకెళ్లి చూపించింది. పెట్టె లేదు, బీరువా లేదు. ఉన్నది ఒంటిమీది చీర ఒక్కటే. దాన్ని ఉతికితే ఆరేదాకా ఏం కట్టుకోవాలి? ఆమె అడిగినదానికి కస్తూర్బా దగ్గర జవాబు లేదు. గాంధీ దగ్గరా లేదు.

1921 సెప్టెంబరు 22న మధురైలో, మరో పది రోజుల్లో 52 నిండుతాయనగా, ఆయన చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి మారారు. విదేశీ బట్టలు కాల్చేయమంటే ఖద్దరు కొనే స్తోమత లేనివాళ్లు ఏం చేయాలన్న ప్రశ్నే అందుకు కారణం. తమ ప్రాంతంలో బోడితల, ఒట్టి ఒళ్లు సంతాప చిహ్నాలని కూడా ఆయన చెప్పారు. మొదట అక్టోబరు నెలాఖరు దాకానే అనుకున్నారు. ఆ గడువు దాటిపోయింది. పెద్దకర్మ నాటి కొత్త బట్టల రోజు ఆయనకి ఇక రాలేదు.

అయితే ఈ త్యాగాన్ని అందరికీ ధర్మంగా చెప్పవచ్చా? ఇక్కడే సెంటర్లోని రెండో విగ్రహం అడ్డుపడుతుంది, అడ్డుపడి తీరాలి కూడా. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు శవాల మీది బట్టలు కట్టుకోవాలని శాసించింది. అంటే పుట్టుకతోనే మైల, చచ్చేదాకా మైల. మన పల్లెల్లోనూ పెద్ద కులాల వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన రోజులు ఉండేవి. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో జరిగిన సభల్లో అంబేద్కర్, ఆయన సహచరులు ఆ మనుస్మృతిని తగలబెట్టారు. అదే సభల్లో ఆయన దళిత స్త్రీలతో బట్టల గురించే మాట్లాడారు. అంటరానివాళ్లని గుర్తుపట్టించే పద్ధతిలో చీర కట్టవద్దని, కులాన్ని చాటే బరువైన నగలు తీసేయమని, బట్ట పాతదైనా శుభ్రంగా ఉండాలని చెప్పారు. ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లు చీరకట్టు మార్చుకున్నారు. తరాల మైల విడిచిన రోజు వాళ్లకది. నీలం కోటుని ఆడంబరం అనేవాళ్లు ఈ వైపు నుంచి చూడలేదు.

బలవంతంగా కట్టించిన శవం బట్ట అవమానం. అదే బట్టని బుద్ధుడి భిక్షువులు కోరి కట్టుకున్నారు. శ్మశానాల్లో, చెత్తకుప్పల్లో దొరికిన పేలికలు ఏరి, ఉతికి, రంగు వేసి చీవరం కుట్టుకునేవారు. బుద్ధుడు అక్కడితో ఆగలేదు, ఎంత చాలునో కూడా తేల్చారు. వినయపిటకంలో ఆ కథ ఉంది. భిక్షువులు బట్టల మూటలు మోసుకెళ్లడం చూసి, మంచు కురిసే చలికాలపు రాత్రి వైశాలి దగ్గర ఆయన ఆరుబయట కూర్చున్నారు. మొదటి జాముకి ఒక బట్ట సరిపోయింది. చలి పెరిగినకొద్దీ రెండోది, మూడోది, చివరికి నాలుగోది కప్పుకున్నారు. దాన్ని బట్టే భిక్షువుకి మూడు చీవరాలని, వాటిలో పైది రెండు పొరలదని నియమం పెట్టారు. బట్టలే వద్దన్న దిగంబర వ్రతాన్నీ ఆయన ఒప్పుకోలేదు. ఒంటి చలే కొలత అయింది. మన అమరావతి శిల్పాల్లో కుడి భుజం విడిచి, ఎడమ భుజం మీంచి మడతలు మడతలుగా జారే చీవరాన్ని చూసినప్పుడు ఆ చలిరాత్రి గుర్తుకు రావాలి. 1956లో నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో ఆ బుద్ధుణ్నే శరణు కోరారు.

ఈ ముగ్గురి బట్టల వెనకా ఎవరో ఉన్నారు: కాల్పుల్లో పోయిన కూలీలు, ఒంటి చీర మనిషి, శవం బట్ట కట్టక తప్పనివాళ్లు, చలిలో వణికే భిక్షువు. తనకి ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి అద్దం ముందు నిలబడ్డ నలభై ఏళ్ల మనిషి వెనకా ఎవరో ఉంటారు.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని, ఎవరికైనా ఇచ్చేయాలని పెద్దలు అంటారు. ఆ ‘ఎవరైనా’ చాలాసార్లు చాకలో, పాలేరో, ఊరి చివరి మనిషో. మనువు రాసింది అలా మన గుమ్మంలోంచే ఇంకా నడుస్తోంది. ఈమధ్య కొందరు కొడుకులు వాటిని ఇవ్వడం లేదు, తామే వేసుకుంటున్నారు. తండ్రి చొక్కా తన భుజాలకి అతికినట్టు సరిపోతుందని చాలామందికి నలభైల్లోనే తెలుస్తుంది. అరిగిన కాలరు తిప్పి చూస్తే లోపలి వైపు, ఎన్ని ఉతుకులకీ పోకుండా, చాకలి పెట్టిన జీడి గుర్తు.