కరువు చేసిన కొట్లాటా, మనిషి చేసిన కొట్లాటా?

వాన రాలేదు. పంట ఎండింది. పక్కపక్క ఊళ్లవాళ్లు నీళ్ల దగ్గర కొట్టుకున్నారు. అందులో ఒక మనిషి చచ్చిపోయాడు అనుకోండి. ఈ చావుకి కారణం ఎవరు? కరువే అని చాలామంది అనేస్తారు. వినడానికి అది న్యాయంగానే ఉంటుంది, ఎందుకంటే అట్లా అంటే ఎవర్నీ తిట్టాల్సిన పని లేదు. నాకు మాత్రం ఆ జవాబు సరిగా అనిపించలేదు. ఎందుకో చెప్తాను.

2003లో సూడాన్ దేశం పడమటి భాగమైన డార్ఫుర్‌లో యుద్ధం మొదలైంది. లక్షలమంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఇళ్లు వదిలి గుడారాల్లో బతికారు. 2007 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ఒక అమెరికా పత్రికలో వ్యాసం రాశారు. ఆ గొడవ మొదలవడానికి వానలు తగ్గిపోవడం, వాతావరణ మార్పు కూడా ఒక కారణమని అందులో చెప్పారు. ఆయన మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. అక్కడ వానలు తగ్గిన మాట, పశువులు మేపేవాళ్లకీ సేద్యం చేసేవాళ్లకీ నేల కోసం తగువులు పెరిగిన మాట నిజమే. కానీ ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది ఎండ కాదు. ప్రభుత్వం అండ ఉన్న జంజావీద్ అనే సాయుధ దళాలు గుర్రాల మీద, ఒంటెల మీద వచ్చి తగలబెట్టాయి. 2009 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అప్పటి సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ మీద అరెస్టు వారెంట్ ఇచ్చింది. మేఘాల మీద ఏ కోర్టూ వారెంట్ ఇవ్వలేదు కదా!

ఈ ప్రశ్నను మనలాగా వాదించుకుంటూ కూర్చోకుండా లెక్క వేసి చూసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరు జాన్ ఒలాక్లిన్. ఐర్లండ్‌లో పుట్టి, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ఆయనది రాజకీయ భూగోళశాస్త్రం. మనకు భూగోళం అంటే నదులు, పర్వతాలు, మ్యాప్ పాయింటింగ్! ఆయనకు మాత్రం ఏ చోట ఎందుకు గొడవ జరిగింది, పక్క చోట ఎందుకు జరగలేదు అనేదే భూగోళం. 2012లో ఆయన, ఆయనతో పనిచేసేవాళ్లు తూర్పు ఆఫ్రికాలోని తొమ్మిది దేశాల్లో 1990 నుంచి 2009 దాకా జరిగిన 16 వేలకు పైగా హింసాత్మక సంఘటనలు తీసుకుని, ఏది ఎక్కడ జరిగిందో గుర్తించి, అక్కడి వాన, ఎండ లెక్కలతో పోల్చి చూశారు.

తేలింది ఏమిటంటే, మామూలు కంటే వాన ఎక్కువ పడినప్పుడు గొడవలు తగ్గాయి. మామూలు కంటే బాగా ఎక్కువ ఎండ కాసినప్పుడు పెరిగాయి. కానీ మనం అందరం అనుకునే దానికి, అంటే వాన తగ్గితే గొడవ పెరుగుతుంది అనేదానికి, ఆ లెక్కలో ఆధారం దొరకలేదు! ఎండ ప్రభావం కూడా చిన్నదే. అక్కడి రాజకీయాలు, డబ్బు, నేల పరిస్థితి, వీటితో పోలిస్తే వాతావరణం పాత్ర తక్కువ అని వాళ్లు రాశారు. పైగా ఒక దేశంలో కనిపించినది ఇంకో దేశంలో కనిపించలేదు.

సంఘటనలు లెక్కబెడితే మనిషి మనసులో ఏముందో తెలియదు. అందుకని ఆ బృందం 2014లో కెన్యాలో 1,400 మంది దగ్గరికి పోయి ప్రశ్నలు అడిగించింది. మీ చోట కరువు వచ్చిందా, హింసను మీరు ఒప్పుకుంటారా, పక్క జాతివాళ్లతో మీవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారా, ఇట్లాంటివి. కెన్యాలో అంతకుముందు 2007 చివర్లో ఎన్నికల తగువు వల్ల అల్లర్లు జరిగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. దానికి కరువుతో సంబంధం లేదు. అంటే చంపుకోవడం అక్కడివాళ్లకు ఊహలో మాట కాదు, కళ్లతో చూసిందే. వర్గాల మధ్య మాట్లాడుకునే పద్ధతి ఉన్న చోట కరువు వచ్చినా హింసకు మద్దతు అంతగా పెరగదని ఈ పరిశోధనల్లో కనిపించింది. ఇంకొకటి కూడా తెలిసింది. కరువు వల్ల ఊరు వదిలి పోయినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువగా హింసకు గురయ్యారు. వలస వచ్చినవాళ్లే గొడవలు తెస్తారని మనం ఎంత సులభంగా అనేస్తామో!

ఇక్కడ నా స్నేహితురాలు ఒక మాట అడిగింది. "ఆకలితో ఉండేవాడికి మంచి చెడ్డ ఏం తెలుస్తుంది? నీకు కడుపు నిండింది కాబట్టి ఇట్లా రాస్తా ఉన్నావు" అని. ఈ మాటను నేను తీసిపారేయలేను. ఆకలితో ఒకడు బియ్యం మూట ఎత్తుకుపోతే నేను వాణ్ణి దొంగ అనను. కానీ పక్కవాడి గుడిసెకు నిప్పు పెడితే బియ్యం రాదు కదా. ఆకలి వల్ల కోపం రావచ్చు. ఆ కోపం ఎవరి మీద పోవాలో మాత్రం ఆకలి చెప్పదు, దాన్ని ఎవరో చెప్పి ఉంటారు. పేదవాళ్లందరూ కరువులో కొట్టుకుంటారు అనడం వాళ్లను మనుషులుగా చూడకపోవడమే అని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఎక్కువ చోట్ల వాళ్లు కొట్టుకోలేదు.

మన హోసూరువాళ్లకు ఇది దూరపు కథ కాదు. 2016లో కావేరి ప్రాంతంలో వానలు సరిగా లేవు. సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు, తమిళనాడుకు పది రోజులు రోజుకు 15,000 క్యూసెక్కుల నీళ్లు వదలమని కర్ణాటకకు చెప్పింది. 12వ తేదీన బెంగళూరులో తమిళనాడు నంబరు బండ్లను తగలబెట్టారు. ఒక్క డిపోలోనే 40కి పైగా బస్సులు కాలిపోయాయి. అత్తిబెలె దగ్గర బస్సులు ఆగిపోయి, జనం మూటలు మోసుకుని జూజువాడి దాకా నడిచి వచ్చారు. మా చిన్నాయన టెంపో ఆ వారమంతా ఇంటి ముందరే నిలబడింది. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బండి మీద ఉండేది టీఎన్ 70. ఆ నంబరు చూసినవాడికి మా ఇంట్లో ఏ భాషో ఎందుకు? కావేరిలో నీళ్లు తక్కువైతే నగరంలో బస్సు కాలిస్తే ఎవరి పొలం తడుస్తుంది? దాన్ని కూడా కరువు ఖాతాలో రాసేద్దామా?

అదే నది మీద 2003లో రెండు రాష్ట్రాల రైతులు కలిసి 'కావేరి కుటుంబం' అని ఒకటి పెట్టుకున్నారు. ఒకరి పొలాలు ఒకరు చూసి వచ్చారు. తగువు తీరలేదు, అది నిజం. కానీ నీళ్లు నిజంగా కావలసినవాళ్లు వాళ్లే, వాళ్లు అగ్గిపెట్టె తీయకుండా కూర్చుని మాట్లాడారు.

ఇంకో సంగతి మరిచిపోతే అన్యాయమవుతుంది. వాతావరణానిదే తప్పు అనేది సగం అబద్ధమైతే, దానికేమీ సంబంధం లేదు అనేది కూడా సగం అబద్ధమే. భూమి వేడెక్కడానికి కెన్యా పశువుల కాపరి చేసింది దాదాపు ఏమీ లేదు. బొగ్గు, పెట్రోలు ఎక్కువ కాల్చిన దేశాలది ఆ పని. ఆ వేడిని కూడా 'ప్రకృతి' అనేస్తే వాళ్లు కూడా తప్పించుకున్నట్టే.

మా అవ్వ చిన్నప్పుడు ఊళ్లో నీరుగంటి ఉండేవాడంట. చెరువు నిండినా, సగమే ఉన్నా, తూము ఎత్తి ఏ మడికి ఎంతసేపో ఆయనే వదిలేవాడు. నీళ్లు తక్కువైన ఏడు అందరికీ తగ్గించి పంచేవాడంట. కొట్లాటలు కాలేదా అంటే, "నోటితో అయ్యేవి" అని నవ్వింది. ఇప్పుడు నీరుగంటి ఎందుకు లేడు అని అడిగితే, "చెరువే లేదు కదమ్మా" అనింది. ఆ చెరువు ఉండిన చోట ఇప్పుడు లేఅవుట్ ఉంది. ఇంటికొక బోరు వేసుకున్నారు. ఎవరు ఎంత తోడుకుంటా ఉన్నారో పక్కింటివాళ్లకు కూడా తెలీదు.