కరువుకు డిగ్రీ లేదు



నీ ఉత్తరం అందింది. స్టడీ అవర్లో దాచుకుని రాసినట్టున్నావు, చివరి పేజీ వెనక ఇంటిగ్రేషన్ లెక్కలు కూడా వచ్చాయి. మీ నాన్న సీఎస్ఈ అంటున్నాడు, ఫిజిక్స్ సారు బీఎస్సీలో చేరమంటున్నారు, నీకేమో అన్నీ ఇష్టమే. అన్నీ చెప్పి, అసలు మాట ఆఖర్న రాశావు: "మన అనంతపురం కరువు పోగొట్టే సబ్జెక్టు ఏదో చెప్పు తాతా, ఎంత కష్టమైనా అదే చదువుతా."

అలాంటి సబ్జెక్టు లేదమ్మా. కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, కెమిస్ట్రీ తీసుకోమంటానేమోనని మీ అవ్వకు అనుమానం. అననులే. మన కరువులో ఎన్ని శాస్త్రాలున్నాయో చూడు. నైరుతి మేఘాలను పడమటి కనుమలే పిండుకుంటాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి పలచబడిపోతాయి. అందుకే ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. ఆ కాస్త నీటినీ లోతులేని మన ఎర్రనేల పట్టి ఉంచలేదు. దాని కింద ఉన్నది గట్టి రాయి, పగుళ్లలో తప్ప నీరు నిలవదు. ఇన్ని దాటుకుని పండిన శెనక్కాయకు ధర ఎందుకు పలకదో చెప్పే శాస్త్రం ఇంకొకటి ఉంది, అది నాకు ఈ వయసు దాకా తలకెక్కలేదు.

2000 ఖరీఫ్ సంగతి నాన్నను అడుగు, నువ్వప్పటికి పుట్టలేదు. చేలల్లో పచ్చగా ఉన్న శెనక్కాయ మొక్కలు ఉన్నట్టుండి చిగురు మాడి, కాండం నల్లబడి చచ్చిపోయాయి. ఒకటీ అరా చేను కాదు, జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లు. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని తర్వాత లెక్క తేలింది. మొదట్లో అది ఎప్పుడూ వచ్చే మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షలు చేస్తే మొవ్వుకుళ్లు వైరస్ కనిపించలేదు, టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ దొరికింది. మరి అది చేలోకి ఎలా వచ్చింది? గట్ల మీదా బీళ్లలోనూ పెరిగే వయ్యారిభామ కలుపు నుంచి. ఆ మొక్కకు వైరస్ సోకినా పైకి ఏమీ తెలియదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది. అవే పురుగులు శెనక్కాయ ఆకును గీరినప్పుడు, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. అందుకే వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యమన్నారు, చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్లు వెయ్యమన్నారు, విత్తనశుద్ధి చెయ్యమన్నారు.

ఈ చిక్కుముడి విప్పింది ఏ సబ్జెక్టు అంటావు? వైరస్ తెలిసినవాళ్లు, పురుగు తెలిసినవాళ్లు, కలుపు మొక్క జాతకం తెలిసినవాళ్లు, అందరూ కలిస్తేనే తేలింది. నువ్వు ఇంకోటి కూడా గమనించాలి, వాళ్ల రోజు ఎలా గడిచి ఉంటుందో. మన ఎండలో చేను చేనుకూ తిరిగి ఆకులు ఏరాలి. సంచి మీద ఊరూ తేదీ రాయాలి. ల్యాబులో ఒక్కో ఆకు నూరి పరీక్ష పెట్టాలి. పురుగుల్ని భూతద్దం కింద లెక్కపెట్టాలి. "లేదు" అని వచ్చిన ఫలితాన్ని కూడా "ఉంది" అన్నంత శ్రద్ధగా నోట్‌బుక్కులో ఎక్కించాలి. పేపర్లో పడేది ఆఖరి వాక్యం ఒక్కటే. నువ్వు యూట్యూబులో చూసి మురిసిపోయే బ్లాక్‌హోల్ వెనకా ఇంతే చాకిరీ ఉంటుంది. ఏ సబ్జెక్టులో చాకిరీ నీకు విసుగనిపించదో అది నీది. ఘనత చూసి చేరినవాళ్లు రెండో ఏడాదికే కిటికీలోంచి బయటికి చూస్తుంటారు, అలాంటి మొహాలు నా క్లాసుల్లో నిండా ఉండేవి.

మీ చేలో బోరు సంగతి రాశావు కదా. టెంకాయ పట్టినాయన ఒక మూల చూపించాడు, మిషను తెచ్చినాయన ఇంకో మూల చూపించాడు, రెండు చోట్లా దుమ్మే లేచింది. ఆ మిషను చేసేది ఏమిటంటే, నాలుగు కడ్డీలు వరుసగా భూమిలోకి దిగ్గొట్టి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తుంది. కడ్డీల ఎడం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నీరున్న పగుళ్లలో కరెంటు తేలిగ్గా పోతుంది, గట్టి రాయిలో పోదు. నువ్వు చదివిన ఓమ్ నియమమే. చిక్కేమిటంటే, బంకమట్టిలోనూ తేలిగ్గానే పోతుంది. పైన వచ్చిన కొలత ఒకటే అయినా లోపలి నేల రెండు మూడు రకాలుగా ఉండొచ్చు. ఎవరో ఒకరు కూర్చుని లెక్కలు కట్టి, ఆ రాతి చరిత్ర కూడా తెలుసుకుని, ఏది ఎక్కువ సంభవమో చెప్పాలి.

ఇప్పుడు నిజం చెప్పు. ఆ బోరు పడలేదన్న బాధ నిన్ను తొలుస్తోందా, ఆ కొలత ఎందుకు తప్పిందన్న ప్రశ్న తొలుస్తోందా? బాధ అయితే దానికి మందు బోరుకు నాన్న చేసిన అప్పు తీరడమే. అది సీఎస్ఈ చదివి బెంగళూరులో ఉద్యోగం చేసినా తీరుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు. ప్రశ్న అయితే నీ దారి ఫిజిక్సు, జియోఫిజిక్సు వైపు ఉంది. రెంటినీ కలిపి చూడకు. కరువు మీద పంతంతో చేరితే ఆ పంతం మూడో సెమిస్టరు దాకా కూడా రాదు. నాన్న పడిన కష్టానికి బదులుగా నీ నాలుగేళ్లు ఇవ్వాలనుకోవడం మంచితనమే గానీ, నాన్న నిన్ను అది అడగలేదు.

సైన్సు చదివితే నీకొచ్చే జీతం ఎంతని నాన్న అడిగితే మాత్రం మొహం ముడుచుకోకు. బీఎస్సీ, ఎమ్మెస్సీ కలిపి ఐదారేళ్లు ఇంటి మీదే ఆధారపడాలి. ఆ తర్వాత నెట్ రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలిస్తున్నారు. రాకపోతే బీఈడీ చేసి బడిలో చేరినవాళ్లే ఎక్కువ. బడిలో పాఠం చెప్పడం నీకు అవమానంగా తోస్తుందేమో ఇప్పుడే చూసుకో. ఇదంతా మీ నాన్న ముందు దాచకుండా పెట్టు.

సబ్జెక్టు పేరు గురించి మరీ బెంగ పెట్టుకోకు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1920లో హడగలిలో పుట్టారు, అప్పట్లో అది మన పక్క బళ్లారి జిల్లా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది లెక్కలు. యుద్ధం రోజుల్లో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) అనేది ఒకటుందని తెలుసుకుని 1941లో శిక్షణకు చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదలైందే ఆ రోజుల్లో. నీ వయసులో ఆయన ఆ సబ్జెక్టు కోరుకుందామన్నా దేశంలో లేదు. స్టాటిస్టిక్స్ మీద 1945లో రాసిన వ్యాసంతో ఆయన పేరు ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి చేసిన పనేమిటో తెలుసా? సూడాన్‌లో తవ్వి తీసిన పాత ఎముకలను కొలవడం! అక్కడి గురువు ఫిషర్, పంట మడుల ప్రయోగాలను ఎలా అమర్చాలో నేర్పినాయన. కదిరి పరిశోధన కేంద్రంలో కొత్త శెనక్కాయ రకాన్ని పాత రకం పక్కన మడుల్లో వేసి పోల్చడం వెనక ఉన్నది ఆ లెక్కే. కాబట్టి ఏ గ్రూపులో చేరినా లెక్కలు వదలకు. బయాలజీ అంటే భయపడకు.

నా మాట కావాలన్నావు కాబట్టి చెబుతా. 2015లో మొదలై, ఇప్పుడు ఏర్పేడులో ఉన్న సైన్సు విద్యాసంస్థ తిరుపతి ఐసర్‌కు ప్రయత్నించు. అక్కడ మొదట్లో అన్ని శాస్త్రాలూ చదివించి, తర్వాత ఒకటి ఎన్నుకోనిస్తారు. నీలాంటి అన్నీ ఇష్టమైనవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీలో నాలుగు సబ్జెక్టులకూ సమానంగా ప్రశ్నలుంటాయి, ఎంపీసీ పిల్లవైనా బయాలజీ కొంత చూసుకోవాలి. లెక్కలే ప్రాణమైతే బెంగళూరు ఐఎస్ఐలో బీమ్యాథ్ ఉంది. రెండూ రాకపోతే మన ఊళ్లోనే బీఎస్సీ, ఆపైన జియాలజీకి కడపో తిరుపతో. మన రాష్ట్రంలో 2023-24లో ఒకే మేజర్ పద్ధతి తెచ్చారు. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి, నువ్వు చేరే ఏడాదిది చూసుకుని మరీ చేరు. ప్రోగ్రాం రాస్తూ తప్పు దొరికేదాకా అన్నం మరిచిపోయే రకం నువ్వైతే మాత్రం నాన్న చెప్పిన సీఎస్ఈ నిక్షేపంగా తీసుకో, నేనేమీ అనుకోను.

ఈఏపీసెట్ హడావుడిలో ఐఏటీ దరఖాస్తు గడువు దాటనివ్వకు. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున నెట్ సెంటర్ దగ్గర ఎవరో కాలేజీ మనిషి వచ్చి "నేను పెట్టిపెడతా పాపా, హాల్‌టికెట్ ఇలా ఇవ్వు" అంటాడు. ఇవ్వకు. పాస్‌వర్డు, ఓటీపీ నీ దగ్గరే ఉంచుకుని, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ఆప్షన్లు నీ చేత్తో నువ్వే పెట్టు.

ఇట్లు,
మీ తాత,
అనంతపురం