స్పర్శకు సాక్షి ఎవరు: స్త్రీల టచ్ ఫుట్‌బాల్, న్యాయదర్శనం, జ్ఞాపకం

ఒకరి చేయి మరొకరికి తగిలిందా లేదా అన్నది ఎవరు తేల్చి చెప్పాలి అన్న ప్రశ్న చూడటానికి చిన్నదే అయినా, జ్ఞానం ఎలా కలుగుతుంది, ఎవరి మాట నమ్మదగినది, గడిచిపోయినదాన్ని తలచుకోవడం జ్ఞానమని అనిపించుకుంటుందా అన్న మూడు పాత తాత్త్విక సమస్యలు దానిలో ఇమిడి ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పుట్టి, అక్కడి స్త్రీలు స్థానిక మైదానాల నుంచి ప్రపంచకప్ దాకా ఆడుతున్న టచ్ ఫుట్‌బాల్ ఈ మూడింటినీ ఒకచోటికి తెస్తుంది. పోటీలలో పాల్గొన్న క్రీడాకారిణి ఏళ్లు గడిచాక తన ఆటను తలచుకున్నప్పుడు ఆమె తలపుకు ఎంత ప్రామాణ్యం ఉంటుంది, ఆ తలపు ఆమెపై ఏ బాధ్యతను మోపుతుంది అన్నది ఈ వ్యాసంలో విచార్యాంశం.

ముందుగా ఆట స్వరూపాన్ని తెలుసుకోవాలి. రగ్బీ లీగ్ ఆడేవారు ఒకరినొకరు పడగొట్టుకోకుండా సాధన చేయడానికి ఉపయోగించిన పద్ధతి నుంచి ఇది రూపుదిద్దుకుంది. 1968లో సిడ్నీ నగరపు దక్షిణ ప్రాంతంలో క్లబ్బు ఏర్పడి క్రమబద్ధమైన పోటీలు మొదలయ్యాయి. 1988లో గోల్డ్ కోస్ట్‌లో తొలి ప్రపంచకప్ జరిగింది. 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో జట్టుకు ఆరుగురు చొప్పున ఆడతారు. పేరులో ఫుట్‌బాల్ ఉన్నా ఇందులో బంతిని తన్నరు. చేత పట్టుకుని పరిగెత్తుతూ, వెనకవైపు ఉన్న తమవారికి అందిస్తూ, అవతలి గీత దాటించి నేలకు తాకిస్తే ఒక పాయింటు వస్తుంది. బంతి ఉన్న క్రీడాకారిణిని ఎదుటి జట్టువారు తాకితే ఆమె అక్కడే ఆగి, తాకిన చోట బంతిని నేలపై ఉంచి దాటుకుని ముందుకు వెళ్లాలి. దీన్ని రోల్‌బాల్ అంటారు. అలా ఆరుసార్లు తాకితే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. తాకడమంటే శరీరాన్ని తాకడమే కానక్కరలేదు. బంతికి గాని, దుస్తులకు గాని, జుట్టుకు గాని చేయి తగిలినా తాకినట్లే లెక్క. తాకేందుకు వీలైనంత తక్కువ బలాన్నే వాడాలన్నది మరో నియమం. ఈ స్పర్శను బంతి ఉన్న ఆమె కూడా కల్పించవచ్చు. తన జట్టుకు అనుకూలమని తోస్తే తానే వెళ్లి ఎదుటి ఆమెకు తగిలి ఆగవచ్చు.

ఈ నియమాన్ని మన తర్కశాస్త్రం పక్కన ఉంచి చూస్తే పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. అంతకు ముందు విడిగా ఉన్న రెండు ద్రవ్యాలు కలవడాన్ని న్యాయ, వైశేషిక దర్శనాలవారు సంయోగమని పిలిచి, దాన్ని ఒక గుణంగా లెక్కించి, అది ఏ ఒక్కదానిలోనో కాక రెండింటిలోనూ ఏకకాలంలో ఉంటుందని నిర్ణయించారు. ఈ సంయోగం మూడు విధాలు. డేగ ఎగిరివచ్చి కొండపై వాలినట్లు ఒకదాని కదలిక వల్ల కలిగేది మొదటిది. రెండు పొట్టేళ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నట్లు రెండింటి కదలిక వల్ల కలిగేది రెండవది. చేతికి పుస్తకం తగిలినందువల్ల శరీరానికే పుస్తకం తగిలినట్లు, ఒక సంయోగం నుంచి పుట్టే మరో సంయోగం మూడవది. మొదటి రెండు విధాలూ మైదానంలో క్షణక్షణం కనిపిస్తాయి. మూడవదాని విషయంలో మాత్రం కొంత భేదం ఉంది: చేయి శరీరంలో భాగం కాబట్టి చేతికి తగిలినది శరీరానికి తగిలిందనడం వాస్తవ కథనమే గాని, చొక్కా అంచు, చేతిలోని బంతి శరీరంలో భాగాలు కావు. వాటికి తగిలినా మనిషికే తగిలినట్లు భావించడం ఆట చేసుకున్న కట్టుబాటు. ఆ కట్టుబాటును అంగీకరించి మైదానంలో దిగిన ప్రతి క్రీడాకారిణీ తన శరీరపు హద్దును బట్టల అంచుదాకా, బంతిదాకా, జడ కొసదాకా విస్తరింపజేసుకుంటుంది.

సంయోగం ఇద్దరిలోనూ ఉన్నంత మాత్రాన దాని జ్ఞానం ఇద్దరికీ కలగాలని లేదు. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. బంతి పట్టుకున్న క్రీడాకారిణి పక్కగీత వెంట పరుగు తీస్తుండగా, ఆమెను అడ్డుకోవలసిన ఆమె ఒళ్లంతా సాగదీసి చేయి చాచినప్పుడు వేలి కొస జడ చివరి వెంట్రుకలకు తగిలిందనుకుంటే, వెంట్రుక కొసకు స్పర్శజ్ఞానం లేదు కనుక పరిగెత్తుతున్న ఆమెకు గాలి తప్ప మరేమీ తెలియదు; రెఫరీకి మధ్యలో ఉన్న దేహాలు అడ్డం; తగిలిన సంగతి ఆ ఒక్క వేలికే తెలుసు. ఇంకో సందర్భంలో, అడ్డుకునే ఆమె తనకు అందలేదనుకుని నిరాశపడుతుండగా, పరుగెత్తే ఆమెకు నడుము దగ్గర చొక్కా చిన్నగా లాగినట్లు తెలిసిపోవచ్చు. మొదటి సందర్భంలో ఏకైక ప్రత్యక్షజ్ఞానం అడ్డుకునే ఆమెది, రెండవదానిలో పరుగెత్తే ఆమెది. ఈ పరిస్థితిలో ఆట నియమావళి ఒక అసాధారణమైన మార్గాన్ని ఎంచుకుంది. తగలకుండా తగిలిందని చెప్పరాదని అడ్డుకునే ఆమెను ఆదేశిస్తూనే, ఆమె తగిలిందని చెప్పి, రెఫరీకి సందేహం మిగిలితే, ఆమె మాటనే నిలబెట్టమంటుంది. అలాగే తాకబడ్డాక బంతిని ఇతరులకు అందించడం తప్పు కాబట్టి, తనకు తగిలిన సంగతి తనకే తెలిసిన ఆమె ఎవరూ పిలవకుండానే ఆగాలి.

ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు చెప్పే నాలుగు ప్రమాణాలలో, అంటే యథార్థజ్ఞానానికి సాధనాలలో, శబ్దమంటే ఆప్తవాక్యం. ఆప్తుడంటే చుట్టమనో స్నేహితుడనో ఇక్కడ అర్థం కాదు. విషయాన్ని స్వయంగా తెలుసుకుని, తెలిసినదాన్ని తెలిసినట్లే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడు. గౌతముని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని స్పష్టం చేశాడు. మాటకు ప్రామాణ్యం పుట్టుక వల్ల గాని, పక్షం వల్ల గాని రాదని, తెలిసిన దానికీ చెప్పిన దానికీ మధ్య వంచన లేకపోవడం వల్లనే వస్తుందని ఆ వాక్యం తాత్పర్యం. టచ్ ఫుట్‌బాల్ ఈ సూత్రాన్ని దాని అత్యంత కఠినమైన పరీక్షకు నిలబెడుతుంది: అబద్ధం వల్ల లాభపడే స్థానంలో ఉన్న ప్రత్యర్థినే ఆప్తురాలిగా అంగీకరించమంటుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. రెఫరీ అన్నీ చూడలేడు కాబట్టి పని జరగడానికి పెట్టుకున్న ఏర్పాటే తప్ప ఇందులో సత్యనిష్ఠ ఏమీ లేదని, పైగా ఆటలో సత్యం చెప్పినా చెప్పకపోయినా ప్రపంచానికి ఒరిగేదేమీ లేదని ఎవరైనా అనవచ్చు. మొదటి భాగానికి జవాబు ఏర్పాటు స్వభావంలోనే ఉంది. అబద్ధాలు మామూలైపోయిన రోజున ఈ నియమం ఒక్క పోటీలో కూడా నిలవదు. అది నిలిచి ఉన్నదంటే నిజం చెప్పేవారి అలవాటు మీద నిలిచి ఉన్నదన్నమాట. శబ్దం స్వతంత్ర ప్రమాణమా, లేక అనుమానంలోనే చేరుతుందా అన్న పాత వివాదం కూడా ఇక్కడ పనికివస్తుంది. మాటను నమ్మడమంటే చెప్పినవారి విశ్వసనీయతను బట్టి ఊహించడమే కాబట్టి అది అనుమానమేనని వైశేషికులు, కాదు స్వతంత్రమేనని నైయాయికులు వాదించారు. ఆ క్షణంలో ఆమె గత చరిత్రను ఎవరూ తూకం వేయరు, ఆమె నోట వచ్చిన మాటే నిర్ణయమవుతుంది; ఆట ఈ విషయంలో నైయాయికుల పక్షమే వహించింది. ఆక్షేపణలోని రెండవ భాగానికి బెర్నార్డ్ సూట్స్ అనే తత్త్వవేత్త 1978లో ప్రచురించిన ‘ది గ్రాస్‌హాపర్’ గ్రంథంలో జవాబు దొరుకుతుంది. ఆడటమంటే అవసరం లేని అడ్డంకులను, అవి లేకపోతే ఆటే ఉండదు కనుక, ఇష్టపూర్వకంగా స్వీకరించడమని ఆయన ప్రతిపాదన. కాబట్టి నియమాన్ని రహస్యంగా ఉల్లంఘించిన వ్యక్తి ఫలితాన్ని పొందవచ్చు గాని ఆ ఆటను గెలిచినట్లు కాదు. తగిలిన సంగతి దాచి గీత దాటిన ఆమెకు పాయింటు నమోదవుతుంది, గెలుపు మాత్రం దక్కదు.

ఇది స్త్రీలు ఆడే ఆట కావడంలో మరో గంభీరమైన అర్థం ఉంది. తత్త్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, సమాజం ఆడపిల్లను తన దేహాన్ని ఇతరులు చూసే వస్తువుగా భావించుకునేలా పెంచుతుందని, అందువల్ల ఆమె విసిరేటప్పుడు, పరిగెత్తేటప్పుడు తన చుట్టూ ఉన్న ఆవరణను పూర్తిగా వినియోగించుకోదని, తన శక్తిపై తనకే సందేహంతో కదులుతుందని విశ్లేషించింది. స్త్రీకి స్పర్శ అనేకసార్లు తన సమ్మతి లేకుండా ఎదురయ్యే విషయం. తనను ఎవరు ఎలా తాకారో ఆమె చెప్పినప్పుడు ఆ మాటను నమ్మకపోవడం లోకంలో అరుదు కాదు. ఈ మైదానంలో స్పర్శ హద్దులు ముందే చెప్పినవి, అందరూ ఒప్పుకున్నవి, తక్కువ బలంతో ముగిసేవి. అంతకంటే ముఖ్యంగా, ఇక్కడ తన దేహానికి తెలిసినదాన్ని గురించి స్త్రీ చెప్పిన మాట ప్రమాణం. ఒళ్లంతా సాగదీసి చేయి చాచే ఆ కదలిక యంగ్ వర్ణించిన సంకోచానికి సరిగ్గా విరుద్ధమైనది. దేహం మీద నమ్మకాన్నీ, దేహం చెప్పిన సాక్ష్యం మీద నమ్మకాన్నీ కలిపి అభ్యాసం చేయించడం ఈ ఆట స్త్రీలకు చేసిన మేలు. దాన్ని వినోదం కింద జమకట్టి తీసిపారేయడం తగదు.

మిగిలినది జ్ఞాపకం. 17వ శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని అనుభవమని, స్మృతి అని విభజించి, కేవలం సంస్కారం వల్ల, అంటే పూర్వానుభవం ఆత్మలో విడిచిన ముద్ర వల్ల పుట్టేది స్మృతి అని నిర్వచించాడు. స్మృతి కొత్తగా దేన్నీ తెలియజేయదు కనుక నైయాయికులు దాన్ని ప్రమాణాలలో చేర్చలేదు. అయితే స్మృతిలోనూ యథార్థం, అయథార్థం అన్న భేదం ఉందని, మూలమైన అనుభవం యథార్థమైతే దాని నుంచి పుట్టిన స్మృతి కూడా యథార్థమవుతుందని అతడే చెప్పాడు. ఇక ప్రాభాకర మీమాంసకులు భ్రాంతిని వివరిస్తూ, ఒక జ్ఞానం నిజానికి స్మృతి అన్న సంగతి మరుగునపడి ప్రత్యక్షంతో కలిసిపోవడమే పొరపాటుకు మూలమని, దాన్ని స్మృతిప్రమోషమని అన్నారు. క్రీడాకారిణి జ్ఞాపకాలకు ఎదురయ్యే ప్రమాదం దీనికి దగ్గరిది: జట్టులోని తోటివారు పదేపదే చెప్పుకున్న కథనం, ఫొటోలో చూసిన భంగిమ, తానే ఇతరులకు వర్ణించిన తీరు అన్నీ కలిసిపోయి, విన్నదీ చూసినదీ కూడా అనుభవించినట్లే తోస్తుంది. అందువల్ల ఆమె స్మృతిని చరిత్రకు ఆధారంగా తీసుకునేవారు జాగ్రత్తగానే ఉండాలి.

కాని ఆ ఒక్క వేలికి తెలిసిన విషయంలో పరిస్థితి వేరు. దానికి ఫొటో లేదు, మరొకరి కథనం లేదు, స్కోరు పుస్తకంలో నమోదు లేదు. కాబట్టి కలిసిపోవడానికి ఇతర మూలమే లేదు. అక్కడ స్మృతిని పాడుచేయగలిగేది ఒక్కటే, ఆనాడు తాను చెప్పిన మాటకు అనుకూలంగా తలపును దిద్దుకోవాలన్న కోరిక. నిజం చెప్పినవారికి ఆ కోరిక కలిగే అవసరం ఉండదు. అనుభవమూ మాటా ఒకటే కనుక స్మృతి దేనితోనూ పోరాడనక్కరలేదు. గౌతముడు న్యాయసూత్రాలలో స్మృతిని మేల్కొలిపే కారణాలను పేర్కొంటూ అభ్యాసం, సాదృశ్యం, సుఖదుఃఖాలతో పాటు, ఒకే పని చేసినవారై ఉండటాన్ని, పరస్పర విరోధాన్ని కూడా చేర్చాడు. తోటి క్రీడాకారిణి ఎదురైనా, ఒకనాటి ప్రత్యర్థి ఎదురైనా పాత ఆట గుర్తుకు రావడం దీనివల్లనే. అదే పట్టికలో ధర్మాధర్మాలకూ ఆయన చోటిచ్చాడు. ఒకప్పుడు తన మాటను ప్రమాణంగా స్వీకరించిన ప్రత్యర్థి ముఖాన్ని చూసినప్పుడు కలిగే స్మృతి నిర్మలంగా ఉంటుందా లేదా అన్నది ఎవరూ చూడని ఆ క్షణంలో చెప్పిన మాటను బట్టే తేలుతుంది. స్మృతి ప్రమాణం కాకపోవచ్చు. తన మాటకు తానే సాక్షిగా నిలవవలసిన మనిషికి, ఆ సాక్ష్యం జీవితాంతం దాగి ఉండే చోటు మాత్రం స్మృతే.