తప్పిన లెక్క ప్రక్కన కూర్చునేదెవరు?



2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆనాడు చదువు కోసం పిల్లల చేతికిచ్చిన సెల్ ఫోను, బడులు తెరిచాక కూడా ఎన్నో ఇళ్ళలో వారి చేతుల్లోనే ఉండిపోయింది. నేడు లెక్కలు నేర్పే యాప్‌లు అందులోనే ఉన్నాయి. అందరికీ ఒకే పాఠం అందితే అందరికీ న్యాయం జరిగినట్లేనా?

యాప్ చేసే మేలును కాదనలేము. ఒకే పాఠం పదిసార్లు అడిగినా అది విసుక్కోదు. తోటివారి ముందు నవ్వులపాలు చేయదు. వెనుకబడిన బిడ్డకు ఇది చిన్న మేలు కాదు.

కాని పిల్లలందరి ఇళ్ళు ఒకటి కావు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ కొడుకు, కోదాడ దగ్గరి తండాలో లంబాడీ మాట్లాడే అమ్మాయి, సూర్యాపేటలో ఉద్యోగస్తుల బిడ్డ - ముగ్గురికీ అదే లెక్క. హమాలీ ఇంట ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు మిల్లుకు పోతుంది. తండా బిడ్డకు తెలుగు రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు పుస్తకాలను తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో అచ్చువేశారు. ఆ రెండింటిలోనూ ఆమె ఇంటి మాట లేదు.

ఒక లెక్క చూడండి. 1/2కు 1/3 కలిపితే ఎంత? పైవి పైవాటితో, క్రిందివి క్రిందివాటితో కలిపి 2/5 అని వ్రాసే పిల్లలు ఎందరో! ఫోనులో ఎర్ర గుర్తు పడుతుంది. జవాబు 5/6 అని కనబడుతుంది. బిడ్డ ఎందుకు తప్పాడు? చదువురాని తల్లి కూడా అడగగలదు: "అర బస్తా వడ్లకు ఇంకొన్ని పోస్తే పెరుగుతయా, తగ్గుతయా బిడ్డా?" ఐదులో సగం రెండున్నర. 2/5 సగం కంటే తక్కువ! తన తప్పు బిడ్డకే కనబడుతుంది.

అమెరికాలో సల్మాన్ ఖాన్ 2004లో బంధువుల అమ్మాయికి దూరం నుండే లెక్కలు చెప్పారు. అదే తరువాత ఖాన్ అకాడమీ అయింది. దాని మొదలు యంత్రం కాదు, ఒక బిడ్డ తడబాటును పట్టించుకున్న మనిషి.

న్యాయమంటే అందరికీ ఒకేలా పంచడం మాత్రమే కాదు, ఎవరికేది కొరతో అది ఇవ్వడం. ఫోను కొనిచ్చి మన బాధ్యత తీరిందనుకోవద్దు. సాయంకాలం పావుగంట ప్రక్కన కూర్చొని, "ఈ జవాబు ఎట్లా వచ్చింది?" అని అడగండి. ఫోను లేని పొరుగింటి బిడ్డను కూడా ఆ చాప మీదికి పిలవండి.