వాకిలి మంచు

మంచు అన్న ఒక్క మాటలోనే తెలుగువారు చలికాలాన్నంతా ఇమిడ్చారు. తెల్లవారుజామున గడ్డిపోచ మీద నిలిచే బొట్టూ మంచే, చెరువు గట్టును కప్పేసే తెల్లటి పొగా మంచే, హిమాలయాల మీద పేరుకుపోయిందీ మంచే. తమిళంలో ‘పని’ అన్న మాటదీ ఇదే తీరు. దక్షిణాది పల్లెల్లో కంటికి కనబడేవి బొట్టూ, పొగా మాత్రమే కాబట్టి వేరే పేర్ల అవసరం రాలేదు. చికాగోకో టొరంటోకో వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆకాశం నుంచి దూదిలా రాలేదాన్ని ఇంట్లో తెలుగులో మాట్లాడుకునేటప్పుడు కూడా ‘స్నో’ అనే అంటాయి. ఊళ్లో కురిసేది మంచు, అక్కడ పడేది స్నో. ఈ రెండు చలికాలాలనూ ఎరిగిన తరం ఇప్పుడు విదేశాల్లో పెద్దతరమైంది. పిల్లలకు అందించదగినది ఆ రెండింటిలోనూ ఉంది.

మల్లాపురం చలి

ముందు ఊరి చలి. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాలో, బొమ్మిడి రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉన్న బి. మల్లాపురానికి సేర్వరాయన్ కొండలు దాపు. ఆ కొండల మీద సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఏర్కాడు ఉంది. కింది ఊళ్లలో ధనుర్మాసపు రాత్రులు 20 డిగ్రీల సెల్సియస్ దిగువకు చేరతాయి. స్నో పడే మాటే లేదు. అయినా చలిని తేలికగా తీసుకున్నవారు లేరు. తై నెల మంచు నేలను తొలిస్తే మాసి నెల మంచు మిద్దెను తొలుస్తుందని తమిళ సామెత. పుష్యమాసంలో పూసగుచ్చే పొద్దుండదని, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని తెలుగు సామెతలు.

ధర్మపురి, కృష్ణగిరి సీమల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ రెండు భాషల చలీ తెలుసు. విజయనగర, నాయకరాజుల కాలాల్లో తమిళనాట స్థిరపడినవారి సంతతి వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ శతాబ్దాలు గడిపింది. పరాయి నేలను తన నేల చేసుకుంటూనే ఇంటి తీరును నిలుపుకోవడం తెలుగువారు అమెరికాలో కొత్తగా నేర్చుకున్న పని కాదు.

ఇక్కడి మంచు పుట్టుక తేలికగానే అర్థమవుతుంది. మబ్బు లేని రాత్రి నేల తనలోని వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను, ఆకులను ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని ఆవిరి బొట్టుగా మారుతుంది. ఆ చలి రోజుల్లోనే అనపకాయ కాస్తుంది. చిత్తూరు నుంచి కృష్ణగిరి దాకా, అటు కోలారు వైపూ సంక్రాంతి రోజుల్లో అనపగింజలను నానబెట్టి, తోలు పితికి వండే పితికిపప్పు చలికాలపు వంట. మంచు పట్టిన కాయకే ఆ వాసన వస్తుందని పెద్దల మాట.

ఈ చలికాలపు తొలి పని వాకిట్లో మొదలవుతుంది. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, మధ్యలో గుమ్మడిపువ్వు ఉంచుతారు. ముగ్గు వేసిన చోటు చాలా ఇళ్లకు సొంత స్థలం కాదు, అది వీధి. నలుగురూ నడిచే దారి. అయినా దాన్ని శుభ్రంగా ఉంచవలసింది ఆ ఇంటివారే. ఈ ఆచారంలో అందం అందరికీ కనబడుతుంది. దాని వెనక ఉన్న పౌరధర్మాన్ని చూడాలంటే మంచుదేశాల వీధుల దాకా వెళ్లాలి.

భోగినాడు కురిసిన స్నో

1965 అక్టోబరులో అమెరికా కొత్త వలస చట్టం తెచ్చింది. ఆ తర్వాతే తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లారు. డెట్రాయిట్, చికాగో, పిట్స్‌బర్గ్, న్యూయార్క్ వంటి చలి నగరాలు తొలితరంలో చాలామందికి మొదటి మజిలీలు. పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో కొండ మీద వేంకటేశ్వరాలయం 1970ల్లో వెలిసింది. ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లో జరిగింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన ‘తానా’ మహాసభలు ఈనాటికీ ఎక్కువగా జూలై మొదట్లో, వేసవి సెలవుల్లో జరుగుతాయి. కానీ ఆ సమాజంలోనివారిని ఒకరికొకరిని దగ్గర చేసింది చలికాలమే. కొత్తగా దిగిన కుటుంబానికి కోటు ఎక్కడ కొనాలో, కారు బ్యాటరీని ఎలా కాపాడుకోవాలో, కంటికి కనబడని బ్లాక్ ఐస్ మీద ఎలా నడవాలో చెప్పింది ముందుగా వచ్చిన తెలుగువారే.

ఆ తరం జ్ఞాపకాల్లో 1979 జనవరి చికాగో తుపాను ఒకటి. జనవరి 13, 14 తేదీల్లో, సరిగ్గా భోగి, సంక్రాంతి రోజుల్లో, నగరం మీద 20 అంగుళాలకు పైగా స్నో పడింది. అప్పటికే వీధుల్లో పాతది పేరుకుని ఉంది. రైళ్లు ఆగాయి, కార్లు పూడుకుపోయాయి, వారాల తరబడి వీధులు తెరిపిన పడలేదు. ఫిబ్రవరిలో జరిగిన ప్రైమరీ ఎన్నికలో మేయర్ మైకేల్ బిలాండిక్ ఓడిపోయాడు. మంచు తీయించడంలో జరిగిన వైఫల్యమే ఓటమికి ముఖ్యకారణమైంది. ఆయన మీద గెలిచిన జేన్ బర్న్ ఆ నగరానికి తొలి మహిళా మేయర్ అయింది. వీధి శుభ్రం చేయించలేని పాలన నిలవదని ఒక మహానగరం ఓటుతో చెప్పింది.

ఆ తర్వాత మరెన్నో గడ్డు చలికాలాలు వచ్చాయి. 1985 జనవరి 20న చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 27 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సున్నాకు దాదాపు 33 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగింది. మిన్నెసోటాలోని టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న అది మైనస్ 60 ఫారెన్‌హీట్. 2019 జనవరి చివర ధ్రువప్రాంతపు చలిగాలి దక్షిణానికి జారినప్పుడు పలు రాష్ట్రాల్లో ఉత్తరాల బట్వాడా కూడా ఆగింది.

పార పట్టిన చేయి

మంచుదేశపు చాలా నగరాల్లో ఇంటి ముందు కాలిబాట మీది స్నోను తీయవలసింది ఆ ఇంటివారే. చికాగోలో పగలు పడినదాన్ని రాత్రి 10 గంటల్లోపు, రాత్రి పడినదాన్ని ఉదయం 10 గంటల్లోపు తొలగించాలని నగర నిబంధన. మిన్నియాపొలిస్‌లో ఇళ్లవారికి స్నో పడటం ఆగాక 24 గంటల గడువు. పోస్టుమాను, కర్ర ఊతంతో నడిచే ముసలమ్మ, బండిలో బిడ్డను తోసుకెళ్లే తల్లి ఆ బాట మీదుగానే పోవాలి. మల్లాపురం వాకిట్లో చీపురు చేసే పనిని ఇక్కడ పార చేస్తుంది. నేల అందరిదీ, బాధ్యత ఇంటివారిదీ అన్న సూత్రం రెండు చోట్లా ఒక్కటే. కళ్లాపి చల్లే ఇంట్లో పుట్టినవారికి ఈ చట్టం కొత్తగా తోచనక్కరలేదు.

మంచి పొరుగువారు చట్టం అడిగినదానితో ఆగరు. పక్కింటి పెద్దవారి మెట్లు కూడా తీసి, ఉప్పు చల్లి వెళ్తారు. పిల్లల చేత ఆ పని చేయించే ఇళ్లలో పెద్దల పట్ల గౌరవం గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు. ఊరి నుంచి చలికాలంలో వచ్చిన అమ్మానాన్నలకు ఇది మరీ ముఖ్యం. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే డిసెంబరులో నాలుగు గోడల మధ్య గడిపే పెద్దలకు వెచ్చటి కోటు ఎంత అవసరమో, పలకరించే మనిషీ అంతే అవసరం.

చలి నుంచి కాపాడటాన్ని ప్రభుత్వాలు కూడా ధర్మంగానే చూస్తాయి. న్యూయార్క్ నగరంలో అక్టోబరు 1 నుంచి మే 31 వరకు అద్దె ఇళ్లకు వెచ్చదనం అందించవలసింది యజమాని. పగటిపూట బయట 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి.

2022 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ప్రాంతాన్ని ముంచెత్తిన మంచుతుపానులో 40 మందికి పైగా చనిపోయారు. అదే తుపానులో కారు చిక్కుకున్న ఒక మనిషి, దారిలో తనలాగే చిక్కిన 20 మందికి పైగా జనాన్ని దగ్గరలోని బడిలోకి చేర్చాడు. అందుకోసం కిటికీ పగలగొట్టవలసి వచ్చింది. వెళ్లేటప్పుడు క్షమించమని చీటీ రాసిపెట్టాడు. పోలీసులు అతన్ని వెతికి కృతజ్ఞతలు చెప్పారు. ప్రాణం నిలపడానికి తలుపు తెరవాలి, తెరిచినందుకు లెక్క చెప్పాలి. ఆ చీటీలో ఈ రెండూ ఉన్నాయి.

ఇంట్లోకి వచ్చిన తులసి

తులసి, కరివేపాకు గడ్డకట్టే చలిని ఓర్వలేవు. రాత్రులు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతున్నాయనగానే విదేశాల్లోని తెలుగువారు కుండీలను లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెడతారు. వసంతం దాకా వాటిని బతికించడం ఇంటిల్లిపాది పని. ఆకు రాలిపోయి పుల్లలా మిగిలిన కరివేప మార్చిలో చిగురు వేసినరోజు ఇంట్లో పండుగే.

ముగ్గు గరాజు నేల మీదికి చేరింది. భోగిమంట పెరట్లోని ఇనుప కుంపటికి ఒదిగింది. రేగుపళ్లు దొరకని చోట చిన్న చాక్లెట్లు, పూలరేకులు పిల్లల తలల మీద పోస్తారు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు ఆండాళ్ పాడిన తిరుప్పావై వినిపిస్తారు. ఆ నెలంతా మంచుదేశపు ఆలయాల్లోనూ ఆ పాశురాలు సాగుతాయి. తెల్లవారుజామున చలిలో లేచి, చెలులను కూడా నిద్రలేపి, అందరూ కలిసి వెళ్లడం తిరుప్పావై చెప్పే వ్రతంలోని కీలకం. ఆలయ పార్కింగు స్థలంలో స్నో తీసిన కుర్రవాడూ ఆ వ్రతంలో భాగస్వామే.

చలి దగ్గర జాగ్రత్త

స్నో అందంగా ఉంటుంది, అజాగ్రత్తను మాత్రం క్షమించదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద మంచుగడ్డ విరిగి ముగ్గురు చనిపోయారు. ఆంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలను ఆ దుఃఖం కమ్మేసింది. మనిషి నడవడానికి కొత్తగా కట్టిన గట్టి గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలని మిన్నెసోటా అధికారుల సూచన. తెల్లగా కనబడినంత మాత్రాన నీరు నేల అయిపోదు. గడ్డ ఎక్కేముందు స్థానికులను అడగడంలో చిన్నతనం లేదు.

తడి స్నో బరువుగా ఉంటుంది. చలికి రక్తనాళాలు ముడుచుకున్న సమయంలో ఆ బరువు ఎత్తడం గుండెకు రెట్టింపు భారం. దక్షిణాసియావారికి గుండెజబ్బులు చిన్నవయసులోనే రావచ్చు కాబట్టి పారతో కొద్దికొద్దిగా తోయడం, మధ్యమధ్య ఆగడం, ఛాతీ పట్టేస్తే వెంటనే సాయం పిలవడం తప్పనిసరి.

తగ్గిపోతున్న చలికాలం

తొలితరం ఎరిగిన చలి ఇప్పుడు పలచబడుతోంది. 2023–24 చలికాలం అమెరికా ప్రధాన భూభాగంలో నమోదైనవాటిలో అతి వెచ్చనిది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 701 రోజుల పాటు ఏ ఒక్క రోజూ అంగుళం స్నో పడలేదు. ఆ కరువు 2024 జనవరి 16న, కనుమనాడు తీరింది. కెనడా రాజధాని ఒట్టావాలో 7.8 కిలోమీటర్ల రిడో కాలువ ఏటా గడ్డకట్టి జనం జారే బాట అవుతుంది. 2022–23లో ఆ బాట చరిత్రలోనే తొలిసారి తెరుచుకోలేదు. విస్కాన్సిన్‌లోని మెండోటా సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో 19వ శతాబ్దం నడిమి నుంచి రాసి ఉంచారు. అప్పటితో పోలిస్తే గడ్డ నిలిచే కాలం సుమారు నెల తగ్గింది.

బొగ్గు, చమురు మండించడంతో గాలిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఇందుకు మూలకారణం. ఒక నష్టం మరో నష్టాన్ని తెస్తుంది. కొత్త స్నో తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. అది లేని నేల ఆ ఎండను తాగి మరింత వేడెక్కుతుంది. అలాగని పెద్ద తుపానులు మాయం కావు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది. గడ్డకట్టని సరస్సు మీదుగా వీచిన చలిగాలి ఒడ్డున ఉన్న ఊళ్ల మీద ఇంకా ఎక్కువ కుమ్మరించగలదు. సగటున చలి తగ్గుతుంది, అప్పుడప్పుడు పడేది మాత్రం విరుచుకుపడుతుంది.

చలి రావాలని కోరడం

అందుచేత చలి రావాలని కోరుకోవడం గతం మీది మమకారం మాత్రమే కాదు. ఆపిల్ చెట్టుకు చాలా రకాల్లో 800 నుంచి 1,000 గంటల చలి అందితేనే వసంతంలో సరిగా పూస్తుంది. మేపుల్ చెట్టులో తీపి రసం ఊరాలంటే రాత్రి గడ్డకట్టి పగలు కరగాలి. ధర్మపురి, కృష్ణగిరి మామిడి తోటలకూ ఇదే వరుస. కొన్ని వారాలు రాత్రిచలి నిలిస్తేనే మామిడికి నిండుగా పూత వస్తుంది. చలి చాలని ఏడు కొమ్మ పూతకు బదులు లేతాకు వేస్తుంది. మిషిగన్ ఆపిల్ రైతూ మల్లాపురం మామిడి రైతూ డిసెంబరు ఆకాశంలో వెతుకుతున్నది ఒక్కటే.

కోరిక వెంట పని కూడా ఉండాలి. విదేశాల్లోని తెలుగు కుటుంబం ఇంటి వేడిని ఆదా చేయడం, వృథా ప్రయాణాలు తగ్గించుకోవడం, ఉత్సవాల్లో పారేసే పళ్లేలు మానడం చలికాలానికి చేసే చిన్న సేవ. పిల్లల చేత ఏటా తొలి స్నో పడిన తేదీని, ఊళ్లో తాతయ్యకు ఫోను చేసి మామిడి తొలి పూత తేదీని ఒకే పుస్తకంలో రాయించవచ్చు. మెండోటా లెక్కలూ ఒకప్పుడు అలా మొదలైనవే. తేదీల పక్కన ఇంకో గడి గీసుకుని, ఆ రోజు ఎవరి వాకిలి శుభ్రం చేశారో కూడా రాసుకుంటే ఆ పుస్తకంలో వాతావరణంతో పాటు కుటుంబపు విలువలూ నమోదవుతాయి.